ఎంబాసింగ్‌లో ఇంక్ తడి లెక్క

ఎంబాసింగ్ అంటే పేపరు మీద డిజైన్ ఉబ్బెత్తుగా తేవడం. అందులో మీరు రాసినదాన్ని బట్టి ఇబ్బందులు మూడు. ఫోల్డర్‌లో, అంటే డిజైన్ ఉన్న రెండు రేకుల ప్లాస్టిక్ అచ్చులో, పెట్టి నొక్కిన కార్డు మీద ఇంక్ రుద్దితే ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా మరకలు పడుతున్నాయి. స్టాంపు వేసి, వేడికి కరిగి ఉబ్బెత్తుగా గట్టిపడే ఎంబాసింగ్ పౌడర్ చల్లి వేడి చేస్తే అక్షరాల చుట్టూ మెరిసే చుక్కలు మిగులుతున్నాయి. లోతైన డిజైన్ ఉన్న ఫోల్డర్ వాడితే పేపరు అంచుల దగ్గర చిట్లుతోంది. మార్కెట్లో ఉన్న ఇన్ని ఇంకుల్లో ఏది కొంటే ఇవన్నీ తీరతాయని అడిగారు.

ఇప్పుడే ఏమీ కొనకండి. మీ దగ్గర ఒక డై ఇంక్ ప్యాడ్, ఒక పిగ్మెంట్ ఇంక్ ప్యాడ్ ఉన్నాయన్నారు కదా, నేర్చుకోవడానికి అవి చాలు. పదహారేళ్లుగా చేత్తో కార్డులు చేస్తున్నాను. నేను పాడుచేసుకున్న కార్డుల్లో ఎక్కువ భాగం తడి సంగతి పట్టించుకోకపోవడం వల్ల పాడైనవే. పౌడర్ అంటుకోవాలంటే తడి కావాలి, కానీ స్టాంపు పడిన చోట మాత్రమే కావాలి. ఫోల్డర్‌లో పేపరు చిట్లకుండా సాగాలంటే తడి కావాలి, కానీ ఆ తర్వాత ఇంక్ పెట్టేటప్పటికి అది పూర్తిగా పోవాలి. మీ మూడు ఇబ్బందులూ ఇక్కడి నుంచే వచ్చాయి.

ముందు ఇంకుల సంగతి. డై ఇంక్‌లో రంగు, నీళ్లలో ఉప్పు కరిగినట్టు కరిగిపోయి ఉంటుంది. పేపరు తగలగానే నీటితో పాటు పోగుల్లోకి ఇంకిపోతుంది. అందుకే త్వరగా ఆరుతుంది, గీతలు స్ఫుటంగా వస్తాయి, కానీ పౌడర్‌ని పట్టుకోవడానికి పైన ఏమీ మిగలదు. పిగ్మెంట్ ఇంక్‌లో రంగు కరగదు. సుద్దపొడి నీళ్లలో తేలినట్టు, సన్నటి రేణువులుగా ద్రవంలో తేలుతూ ఉంటుంది. అది పేపరు పైన కూర్చుంటుంది, నిదానంగా ఆరుతుంది, ముదురు రంగు పేపరు మీద కూడా కనిపిస్తుంది. పౌడర్‌కి అదే సరైన ఇంక్. వెర్సామార్క్ లాంటి వాటర్‌మార్క్ ప్యాడ్‌లలో అసలు రంగే ఉండదు, జిగట మాత్రమే ఉంటుంది. రంగు పేపరు మీద వేస్తే అదే రంగు కొంచెం ముదిరినట్టు కనబడుతుంది. పౌడర్‌లోనే రంగు ఉన్నప్పుడు ఇదే హాయి.

డిస్ట్రెస్ ఇంక్ కూడా డై జాతిదే, అయితే మామూలు డై కన్నా ఎక్కువసేపు తడిగా ఉండేలా చేస్తారు. అందుకే బ్రష్‌తో రంగులు ఒకదాంట్లోకి ఒకటి కలపడానికి అంత వీలుగా ఉంటుంది. 2017లో రేంజర్ కంపెనీ తెచ్చిన డిస్ట్రెస్ ఆక్సైడ్‌లో డై, పిగ్మెంట్ రెండూ ఉంటాయి. దాని మీద నీటి చుక్కలు చల్లితే ఆ చోట సుద్ద పూసినట్టు పాలిపోయిన మచ్చలు తేలుతాయి. పాత గోడ, మబ్బు, తుప్పు లాంటి నేపథ్యాలకి నాకు దాన్ని మించింది కనబడలేదు. స్టేజాన్ లాంటి సాల్వెంట్ ఇంకులు ప్లాస్టిక్ షీటు, లోహపు రేకు లాంటి నీరు పీల్చని వాటి కోసం. పేపరు పనికి వాటి జోలికి వెళ్లకండి. పైగా కొన్నాళ్లకి అవి పారదర్శకమైన పాలిమర్ స్టాంపుల్ని పాడుచేస్తాయి.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష చేయండి. మీ దగ్గరున్న మూడు రకాల పేపర్ల నుంచి 5 సెంటీమీటర్ల వెడల్పు పట్టీలు కోయండి. నునుపుగా ఉండే కార్డ్‌స్టాక్ (కార్డులకి వాడే మందపాటి పేపరు) ఒకటి, గరుకుగా ఉండే వాటర్‌కలర్ పేపరు ఒకటి, మెరుపు పూత ఉన్నది ఒకటి. ఒక చిన్న స్టాంపుని ఒకే ఇంక్‌తో ప్రతి పట్టీ మీద నాలుగుసార్లు వేయండి. మొదటిదాని మీద వెంటనే, రెండోదాని మీద 15 సెకన్లకి, మూడోదాని మీద 30 సెకన్లకి, నాలుగోదాని మీద నిమిషానికి పౌడర్ చల్లి దులపండి. వేడి చేయక్కర్లేదు, పౌడర్ నిలిచిందా లేదా అని చూస్తే చాలు. తర్వాత రెండో ఇంక్‌తో ఇదే చేయండి. మీ ఇంక్, మీ పేపరు, మీ గదిలో గాలి, ఈ మూడూ కలిసినప్పుడు తడి ఎంతసేపు నిలుస్తుందో మీ కళ్ల ముందే ఉంటుంది. డై ఇంక్ నునుపు పేపరు మీద మొదటి గడిలో కూడా మచ్చలు మచ్చలుగా పట్టుకోవచ్చు. పిగ్మెంట్ అయితే నిమిషం తర్వాత కూడా నిలుస్తుంది. పట్టీ వెనకాల ఇంక్ పేరు, పేపరు పేరు, తేదీ రాసి దాచుకోండి. నా దగ్గర ఇలాంటి పట్టీలు రెండు పెట్టెల నిండా ఉన్నాయి. ఇప్పటికీ కొత్త ప్యాడ్ చేతికి రాగానే నేను చేసే మొదటి పని ఇదే.

మెరుపు పూత ఉన్న పేపరు గురించి ఒక మాట. ఒకసారి అరవై కార్డుల ఆర్డరు చేశాను. నున్నటి పూత పేపరు మీద పిగ్మెంట్ ఇంక్‌తో పేర్లు స్టాంపు చేసి, సాయంత్రానికి ముట్టుకుంటే అంటనట్టే అనిపిస్తే, ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టాను. తెల్లారి చూస్తే ప్రతి కార్డు వెనకా దాని కిందున్న కార్డు మీది పేరు అద్దంలో అక్షరాల్లా తిరగబడి పడి ఉంది. అరవైకి అరవై మళ్లీ చేశాను. పిగ్మెంట్ ఇంక్ ఆరడమంటే అందులోని ద్రవంలో కొంత పేపరులోకి పోవాలి. పూత దాన్ని పోనివ్వదు. అలాంటి పేపరు మీద పిగ్మెంట్ వేస్తే పారదర్శకమైన పౌడర్ చల్లి కరిగించి పైనుంచి మూసేయండి, లేదంటే ఆ పేపరే మార్చండి.

ఇక చుక్కల సంగతి. స్టాంపు పడని చోట కూడా పౌడర్ అంటుకుంటోందంటే అక్కడ ఏదో ఉందన్నమాట. అది చేతి చెమట కావచ్చు, వేళ్ల జిడ్డు కావచ్చు, గాల్లోంచి పేపరు పీల్చుకున్న తేమ కావచ్చు, లేదా స్థిర విద్యుత్తు కావచ్చు. స్టాంపు వేయడానికి ముందు పేపరు మీద కొన్ని సెకన్లు హీట్ గన్ (వేడి గాలి వదిలే చేతి పరికరం) తిప్పితే తేమ పోతుంది. అది చల్లారాక, సన్నటి గుడ్డలో టాల్కం పౌడర్ మూటకట్టి మెల్లగా అద్దండి. అమ్మే యాంటీ స్టాటిక్ సంచుల్లో ఉండేది కూడా ఇలాంటి మెత్తటి పొడే. గట్టిగా అద్దితే ఇంక్ కూడా పట్టదు, తెల్లగా పొర కడుతుంది. స్టాంపు వేశాక పౌడర్ ధారాళంగా పోయండి, పొదుపు వద్దు, మిగిలింది ఎలాగూ డబ్బాలోకే వెళ్తుంది. పేపరుని నిలువుగా పట్టుకుని వెనక నుంచి వేలితో రెండుసార్లు తట్టండి. అయినా ఒకటీ అరా రేణువులు ఉంటే పొడి బ్రష్ కొసతో తీసేయండి. కరిగాక తీయలేరు.

వేడి చేసే క్షణాన్ని మాత్రం దగ్గరగా చూడాలి. హీట్ గన్‌ని ముందు పక్కకి తిప్పి పట్టుకుని పది సెకన్లు వేడెక్కనివ్వండి. చల్లగా ఉన్నప్పుడే అక్షరం మీదికి తెస్తే, కరగక ముందే గాలికి పొడి లేచిపోతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో కుదరనిది కూడా ఇందుకే, దాంట్లో గాలి ఎక్కువ, వేడి తక్కువ. తర్వాత గన్‌ని 5 సెంటీమీటర్ల దూరంలో ఒక మూల దగ్గర పట్టుకోండి. మొదట అక్షరం ఇసుకలా గరుకుగా, మసకగా ఉంటుంది. ఉన్నట్టుండి ఆ మూల రంగు ముదురుతుంది, రేణువులు ఒకదాంట్లోకి ఒకటి ఒదిగిపోతాయి, తడి గాజులా మెరుపు వస్తుంది. ఆ మెరుపు అంచు వెంట మీ చేయి కదలాలి. మెరుపు వచ్చిన చోట ఇంకో క్షణం కూడా ఆగకూడదు. ఆగితే కరిగిన పౌడర్ పేపరులోకి దిగిపోతుంది, ఉబ్బు పోతుంది, నూనె మరకలా చదునుగా మిగులుతుంది. బంగారు, వెండి పౌడర్లు ఎక్కువ కాగితే మెరుపు చచ్చి మసకబారతాయి. పలచటి పేపరు వంకర తిరుగుతుంటే కింది నుంచి వేడి చేయండి, పౌడర్ ఎగరదు, పేపరు కాస్త సమంగా వేడెక్కుతుంది. కటింగ్ మ్యాట్ మీద మాత్రం ఈ పని పెట్టుకోకండి, అది వేడికి వంగిపోతుంది.

పౌడర్‌లోనూ సన్నం, లావు ఉన్నాయి. చిన్న అక్షరాలకి, సన్నటి గీతలకి డీటెయిల్ పౌడర్ అని అమ్మే మెత్తటిది వాడాలి. లావు రేణువులు ‘అ’ గుండ్రాలని పూడ్చేస్తాయి. తెలుగు అక్షరాల స్టాంపులు చేయించుకునేవాళ్లు ఇది ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాలి, మన లిపిలో అన్నీ మూసుకుపోయే సున్నాలే.

పేపరు చిట్లడానికి వస్తే, ఫోల్డర్‌లో పేపరు నొక్కుకోవడంతో సరిపోదు, సాగాలి. లోతైన త్రీడీ ఫోల్డర్లలో నిటారుగా లేచే అంచుల దగ్గర ఎండు పోగులు తెగుతాయి. 200 నుంచి 250 జీఎస్ఎం (చదరపు మీటరు పేపరు బరువు, గ్రాముల్లో) మధ్య ఉన్న కార్డ్‌స్టాక్ తీసుకోండి. 300 జీఎస్ఎం కార్డు అడుగుకి బాగుంటుంది గానీ ఫోల్డర్‌లో మొరాయిస్తుంది. దూరం నుంచి రెండు వైపులా సన్నటి తుంపర కొట్టి, పైన మెరిసే నీరు పోయేదాకా అర నిమిషం ఆగండి. వేలితో తాకితే చల్లగా ఉండాలి, తడి అంటకూడదు. అప్పుడు ఫోల్డర్‌లో పెట్టి, రోలర్ల మధ్య నొక్కే ఎంబాసింగ్ మెషిన్‌లో తిప్పండి. పోగులు మెత్తబడి, ఆకారం లోతుగా పట్టుకుంటాయి. ఫోల్డర్‌లోనే ఒకటి రెండు నిమిషాలు ఉంచితే ఇంకా మంచిది. మెషిన్ హ్యాండిల్ అతి కష్టంగా తిరుగుతుంటే ఫోల్డర్‌కి పైనా కిందా పెట్టే ప్లేట్లు ఎక్కువయ్యాయని అర్థం, బలవంతం చేయొద్దు. అచ్చు మసకగా వస్తుంటే మామూలు కాగితం ఒకటి ప్లేటుకీ ఫోల్డర్‌కీ మధ్యలో చేర్చి చూడండి.

మీ మరకల ఇబ్బంది పుట్టింది ఇక్కడే అని నా అనుమానం. తుంపర కొట్టిన కార్డుని నొక్కగానే తీసి ఇంక్ రుద్ది ఉంటారు. లోపల ఇంకా తేమ ఉన్నచోట ఇంక్ ఎక్కువ తాగుతుంది, ఆరిన చోట తక్కువ తాగుతుంది, అందుకే మచ్చలు. నొక్కిన కార్డుని కనీసం ఒక గంట వదిలేయండి. హీట్ గన్‌తో ఆరబెడితే ఒక వైపే ఆరి వంగుతుంది, ఓపిక పట్టడమే మేలు.

ఉబ్బు మీద ఇంక్ పెట్టడంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. ఆకుల డిజైన్ ఉన్న ఒక తెల్ల కార్డు తీసుకోండి. బ్రష్‌తో రుద్దితే కుచ్చు పల్లాల్లోకి కూడా దూరి అంతా ఒకే రంగు అవుతుంది. అదే ఇంక్ ప్యాడ్‌ని చేతిలో పట్టుకుని, దాదాపు బరువు లేకుండా, పైపైన జారిస్తే లేచిన చోట్లకే రంగు అంటుతుంది. ఆకు నరాలు, అంచులు ఒక్కసారిగా తేలతాయి. చేయి ఎంత తేలిగ్గా ఉంటే అంత బాగుంటుంది. మొదటి రెండు సార్లు ఏమీ అంటనట్టే ఉండాలి, మూడోసారికి కనబడటం మొదలవ్వాలి. దీనికి పిగ్మెంట్ ఇంకే బాగుంటుంది, పైనే కూర్చుంటుంది కాబట్టి పక్కకి పాకదు.

కానీ కొండ మీద పడే వెలుగుని ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఎత్తు మీద వెలుగు, లోయలో నీడ. పైన ముదురు, కింద తెలుపు ఉంటే డిజైన్ స్పష్టంగా కనిపిస్తుంది గానీ లోతు అనిపించదు. లోతు కావాలంటే తిప్పి చేయండి. ముందే కార్డంతా ముదురు నీలం డిస్ట్రెస్ ఇంక్ రుద్ది, పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు ఫోల్డర్‌లో నొక్కి, చివరగా తెల్ల పిగ్మెంట్ ప్యాడ్‌ని పైన జార్చండి. ఏటవాలు దీపం కింద పెట్టి చూస్తే ఆకులు పేపరు నుంచి విడిపోయి నిలబడ్డట్టు ఉంటాయి. లోపలి పొర తెల్లగా ఉండే రంగు కార్డ్‌స్టాక్ దొరికితే, నొక్కాక సన్నటి గరుకు కాగితంతో పైన మెల్లగా రుద్దినా ఇదే ఫలితం వస్తుంది, ఇంక్ అసలు అక్కర్లేదు.

ఫోల్డర్‌కే ఇంక్ పూసే పద్ధతి ఇంకొకటుంది. ఫోల్డర్ తెరిస్తే లోపల ఒక వైపు డిజైన్ పైకి లేచి ఉంటుంది, ఇంకో వైపు గుంటలు పడి ఉంటుంది. లేచిన వైపు బ్రేయర్‌తో (ఇంక్ పూసే చిన్న రోలర్) ఇంక్ పూసి నొక్కితే, రంగు పడిన డిజైన్ పేపరులోకి దిగి, పాత అచ్చుయంత్రం మీద ముద్రించిన కార్డులా వస్తుంది. గుంటలున్న వైపు చదును మీద పూస్తే నేపథ్యానికి రంగు పడి, డిజైన్ తెల్లగా లేస్తుంది. ఒకే ఫోల్డర్‌తో రెండు వేరు వేరు కార్డులు! ఇక్కడా తడి లెక్కే. మామూలు డై ఇంక్ ప్లాస్టిక్ మీద ముత్యాల్లా ముద్దకడుతుంది, పిగ్మెంట్ అయితే పొరలా పరుచుకుంటుంది. పని అవ్వగానే ఫోల్డర్ కడిగేయండి, ఆరిన పిగ్మెంట్ మూలల్లోంచి రాదు.

రెండు మూడు పద్ధతులు ఒకే కార్డు మీద కలపాలనుకున్నప్పుడు వరస తప్పితే పనంతా పోతుంది. ఫోల్డర్‌లో నొక్కిన పేపరు మీద నీళ్లు చల్లితే పోగులు మళ్లీ సడలి డిజైన్ చదునవుతుంది. కరిగించి ఆరిన పౌడర్‌ని ఫోల్డర్‌లో పెడితే నలిగి పగుళ్లు వస్తాయి. కాబట్టి నీటి పనులన్నీ ముందు, తర్వాత నొక్కడం, ఆ తర్వాత పైపైన పొడిగా రంగు, అన్నిటికన్నా చివర పౌడర్, వేడి. నొక్కిన కార్డు ఎత్తుల మీద వాటర్‌మార్క్ ప్యాడ్ జార్చి, బంగారు పౌడర్ చల్లి కరిగిస్తే లేచిన గీతలు మాత్రమే లోహంలా మెరుస్తాయి. మొదటి ప్రయోగంగా ఇదే చేయండి, ఎప్పుడూ మోసం చేయలేదు.

ఈ వరసకి ఒక మినహాయింపు ఉంది, పౌడర్‌ని అడ్డుగోడలా వాడినప్పుడు. వాటర్‌కలర్ పేపరు మీద లేత పసుపు, గులాబి రంగులు కలిపి రుద్ది ఆరనివ్వండి. దాని మీద వాటర్‌మార్క్ ఇంక్‌తో పూల స్టాంపు వేసి పారదర్శకమైన పౌడర్ కరిగించండి. ఇప్పుడు పైనంతా ముదురు ఊదా డై ఇంక్ రుద్ది, పువ్వుల మీద తడి గుడ్డతో తుడవండి. పౌడర్ కింద దాచిన లేత రంగులు అలాగే ఉంటాయి, చుట్టూ చీకటి. ఇందులో ఒక్క ప్రమాదమే ఉంది. డిస్ట్రెస్ ఇంక్ ఆరినట్టు కనిపించినా కాస్త జిగట మిగిలే ఉంటుంది, పౌడర్ అంతటా పట్టేస్తుంది. స్టాంపుకి ముందు వేడితో ఆరబెట్టి, చల్లారాక టాల్కం మూట అద్దడం ఇక్కడ తప్పనిసరి.

రంగులు కలిసేచోట బురద రంగు వస్తోందని కూడా ఒక వాక్యం రాశారు. పసుపు మీద ఊదా, ఎరుపు మీద ఆకుపచ్చ తడిగా కలిస్తే గోధుమరంగే వస్తుంది, ఇంక్ మంచిదైనా అంతే. మధ్యలో రెండింటికీ పొసగే రంగు ఒకటి పెట్టండి, పసుపుకీ ఊదాకీ మధ్య గులాబి లాగా. లేదంటే మొదటి రంగు ఆరాకే రెండోది పెట్టండి. లేత రంగుతో మొదలుపెట్టి ముదురు వైపు వెళ్లండి, బ్రష్‌ని ముందు పక్కనున్న చెత్త కాగితం మీద తిప్పి, అక్కణ్నుంచి గుండ్రంగా కార్డు మీదికి రండి. నేరుగా కార్డు మీద దించితే ఆ మొదటి ముద్ర ఎప్పటికీ పోదు.

టెక్స్చర్ పేస్టు, అంటే స్టెన్సిల్ మీదుగా పూసి ఉబ్బెత్తు డిజైన్ తెచ్చే చిక్కటి ముద్ద, గురించి అడగలేదు గానీ త్వరలోనే అటు వెళ్తారు, స్టెన్సిల్ చేతికొస్తే ఎవరూ ఆగలేరు. దాన్ని దానంతట అది ఆరనివ్వండి. తొందరపడి హీట్ గన్ పెడితే పొంగి బుడగలు వస్తాయి. రాతిగోడ, నాచు లాంటివి కావాలనుకున్నప్పుడు మాత్రం ఆ బుడగలనే కోరి తెచ్చుకుంటాను.

వెలిసిపోవడం గురించి చివర్లో అడిగారు. డై ఇంకులు వెలుతురుకి ఎక్కువ వెలుస్తాయి, పిగ్మెంట్‌లు తట్టుకుంటాయి. మీ ప్యాడ్‌ల సంగతి తెలుసుకోవాలంటే అన్ని రంగులూ ఒక పట్టీ మీద రాసి, సగభాగం నల్ల కాగితంతో కప్పి, ఎండ పడే కిటికీ దగ్గర నెల రోజులు ఉంచండి. ఫ్రేములో పెట్టుకునే కార్డయితే ఆ పరీక్షలో నిలబడ్డ రంగులే వాడండి. కవరులో పెట్టి దాచుకునే కార్డుకి ఇంత ఆలోచన అక్కర్లేదు.

పంపేటప్పుడు మాత్రం పౌడర్ ఉన్న ముఖానికి ఒక పలచటి బటర్ పేపర్ అడ్డం పెట్టండి. వేడి వాతావరణంలో, బరువు కింద కరిగించిన ముఖాలు రెండు ఎదురెదురుగా ఉంటే అతుక్కునే అవకాశం ఉంది. లోతుగా నొక్కిన కార్డయితే అదే కొలతకి కోసిన గట్టి అట్ట కూడా ఒకటి కవరులో పెట్టండి. ముందుగా ఆ పట్టీల పరీక్ష చేసి, మూడు పేపర్ల మీద మీకు వచ్చిన సెకన్లు ఎంతో ఇక్కడ రాయండి. వాటిని చూసి మీ పేపరుకి ఏ పౌడర్ సరిపోతుందో చెప్తాను.